బాణాలకు క్షవరం

అత్తగారి కుడి భుజం పట్టేసింది. పై అరలో డబ్బా అందుకోవాలన్నా, తల దువ్వుకోవాలన్నా ప్రాణం మీదికి వస్తోంది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, చేతికి ఏదో ఒక పని చెప్పమన్నాడు. దేన్నయినా పట్టుకుని వెనక్కి లాగే పనైతే మరీ మంచిదన్నాడు. ఆయన ఉద్దేశం తలుపు గడియకు రబ్బరు పట్టీ తగిలించి లాగమని. ఆవిడ మాత్రం తిరిగి వస్తూ, బస్సు డిపో వెనక మైదానంలో ‘విలువిద్య నేర్పబడును’ అన్న బోర్డు చూసి, బస్సు దిగి, పేరు రాయించుకుని, ఇంటికి విల్లుతో వచ్చారు.

ఇంట్లో ఆవిడ కాక కూతురు, అల్లుడు ఉంటారు. అల్లుడు గడియారాలు బాగుచేస్తాడు. మెత్తటి మనిషి. రోజంతా కంటికి భూతద్దం పెట్టుకుని చీమ కాలంత మరలతో కాపురం చేసి చేసి, మామూలు సైజు మనుషులతో మాట్లాడాలంటే అతనికి కొంచెం బెదురు. కూతురు ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో నర్సు. ఇంట్లో, వీధిలో అందరికీ నర్సమ్మే.

విల్లు చూసి నర్సమ్మ నొసలు చిట్లించింది కానీ, అమ్మ చెయ్యి నిజంగానే కాస్త పైకి లేస్తోందని గమనించి ఊరుకుంది. చిక్కంతా బాణాల దగ్గర వచ్చింది.

ఆ మైదానంలో నేర్పే కోచ్ పాతకాలం మనిషి. ప్లాస్టిక్ తోకల బాణాలంటే ఆయనకు గిట్టదు. బాణమన్నాక చెక్కతో ఉండాలి, తోకకు పక్షి ఈకలు ఉండాలి, అవి ఎవరి బాణాలకు వాళ్ళే అంటించుకుని కత్తిరించుకోవాలి అంటాడు. ఒక్కో బాణానికి మూడు ఈకలు. మూడూ ఒకే ఎత్తున, ఒకే వంపుతో ఉంటేనే బాణం బుద్ధిగా వెళుతుంది. లేకపోతే దాని ఇష్టం. అత్తగారు భోజనాల బల్ల మీద పాత పేపరు పరుచుకుని కూరలు కోసే కత్తెరతో ఈకలు కత్తిరించారు. మర్నాడు ఆ బాణాల్లో ఒకటి కంచె దాటింది, ఒకటి కోచ్ ఆరేసుకున్న తువ్వాలుకు గుచ్చుకుంది. ఆయన తువ్వాలు పట్టుకుని, బాణం తోక వైపు చాలాసేపు చూసి, దీన్ని మేక మేసిందా అని అడిగాడు.

అత్తగారికి రోషం వచ్చింది. కత్తెర పక్కనపెట్టి అల్లుడి గెడ్డం గీసుకునే పెట్టెలోంచి బ్లేడు తీశారు. బ్లేడుతో ఈక చక్కగానే తెగింది, దాంతోపాటు ఆవిడ బొటనవేలు కూడా. బాణం పట్టుకుని సాయం చేద్దామని కూర్చున్న అల్లుడి చూపుడువేలు తెగింది. ఈ గోలేమిటో చూద్దామని వచ్చిన మోటారు మామయ్య, బ్లేడు ఇలాక్కాదు ఇలా పట్టుకోవాలని చూపించబోయి రెండు వేళ్ళు కోసుకున్నాడు.

మోటారు మామయ్య అంటే అత్తగారి తమ్ముడు. వీధికి అవతలి వైపు మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు ఉంది. లోకంలో ఏ కష్టానికైనా ఒక మోటారు బిగిస్తే తీరిపోతుందని ఆయన గట్టి నమ్మకం. పాలు పొంగకుండా కలిపే మోటారు, వీపు గోకే మోటారు ఆయన ఇంట్లో ఉన్నాయి. వీపు గోకేదాన్ని ఆయన భార్య ఒక్కసారి వాడి, మళ్ళీ దాని జోలికి పోలేదు.

డ్యూటీ దిగి వచ్చిన నర్సమ్మకు గుమ్మంలోనే ముగ్గురూ వేళ్ళు పైకెత్తి పట్టుకుని, ఓటు వేసి వచ్చిన వాళ్ళలా వరసగా కనిపించారు. ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా పెట్టె తెచ్చి అందరికీ కట్లు కట్టింది. కడుతున్నంతసేపూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. అందుకే ముగ్గురికీ భయం వేసింది.

కట్లయ్యాక బ్లేడు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. వంటింట్లోంచి ఒక క్యారెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఇది వేలు అనుకోండి,” అంది. “ఈకలు కత్తిరించడానికి మీరేం చేసుకుంటారో చేసుకోండి. నేనొచ్చి దాంట్లో క్యారెట్ పెడతాను. క్యారెట్‌కి గాటు పడిందా, ఆ పనిముట్టు అటకెక్కుతుంది. అందాకా ఈ ఇంట్లో ఈకల మాట ఎత్తొద్దు.”

అల్లుడు ఆ మాటను పెద్దల ఆజ్ఞలా తీసుకున్నాడు. నాలుగు రోజులు కొట్టు కట్టేశాక కూర్చుని చెక్క చిత్రిక పట్టి ఒక పెట్టె చేశాడు. బాణం పడుకోవడానికి గాడి, పైన మరలతో బిగించిన బ్లేడు, బాణాన్ని మెల్లగా తిప్పితే ఈక వెళ్ళి బ్లేడుకు తగిలే ఏర్పాటు. పని నగలాగ ఉంది. నర్సమ్మ క్యారెట్ పెట్టింది. అది అటు నుంచి చక్రాలు చక్రాలుగా బయటికొచ్చింది, పళ్ళెంలో సర్దినంత అందంగా. అల్లుడు తలవంచుకుని పెట్టె వెనక్కి తీసుకుపోయి బ్లేడు చుట్టూ రేకు తొడుగు వేశాడు. ఈసారి క్యారెట్‌కి ఏమీ కాలేదు. ఈకకి కూడా ఏమీ కాలేదు. నర్సమ్మ ఇది చాలా బాగుందంది. అత్తగారు పెట్టెను అటూ ఇటూ తిప్పి, అగ్గిపెట్టెలు పెట్టుకోవడానికి పనికొస్తుందన్నారు.

ఇక మోటారు మామయ్య రంగంలోకి దిగాడు. అసలు బ్లేడు అనే ఆలోచనే దండగన్నాడు. ఒక పాత మిక్సీ తెచ్చి, జారు కూర్చునే చోట బాణాన్ని నిలువుగా బిగించి, అది తిరుగుతుంటే ఈకలకు గరుకు కాగితం ఆనిస్తే వాటంతటవే అరిగి నున్నగా తయారవుతాయని వివరించాడు. అల్లుడు భూతద్దం నుదుటి మీదికి నెట్టి, మిక్సీ వేగం బాణానికి కాస్త ఎక్కువవుతుందేమో అని గొణిగాడు. ఆ గొణుగుడు ఎవరికీ వినిపించక ముందే మామయ్య మీట నొక్కాడు.

బాణం కనపడటం మానేసింది. గుండ్రంగా ఏదో బూడిదరంగు గాలి కనిపించింది. నర్సమ్మ తలుపు చాటు నుంచి క్యారెట్ చాచింది. అది ఆవిడ చేతిలోంచి ఎగిరి గోడ గడియారానికి తగిలి, గడియారం ఆగిపోయింది. తర్వాత బాణం మధ్యకు విరిగింది. ఈకలు మాత్రం వెంటనే కింద పడలేదు, తీరిగ్గా గదంతా తిరిగి అందరి తలల మీదా దిగాయి. మామయ్య బోర్లించిన కుర్చీ చాటు నుంచి లేచి, జుట్టులో ఈకతో, క్యారెట్‌కి గాటు పడలేదు చూశారా అన్నాడు. నిజమే, పడలేదు. నర్సమ్మ మిక్సీ తీగ ఊడదీసి చుట్ట చుట్టి ఆయన చంకలో పెట్టి, వీధి దాటించి వచ్చింది.

అత్తగారు ఈలోగా మైదానానికి మానకుండా వెళుతూనే ఉన్నారు. బాణాలు గురి వైపు తప్ప అన్ని వైపులా పోతున్నాయి. ఎవరడిగినా ఈకల వైపు వేలు చూపించేవారు. ఇంటికొచ్చి అల్లుడి కొట్టులో స్టూలు మీద కూర్చుని, అతను పనిచేసుకుంటుంటే ఒక నిట్టూర్పు విడిచేవారు. గడియారం లోపలి స్ప్రింగు బిగించే వేళ ఎవరైనా పక్కన నిట్టూరిస్తే ఆ పని ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకే తెలుసు.

చివరికి అతనే మామయ్య కొట్టుకు వెళ్ళాడు. ఇద్దరూ కలిసి ఆలోచిస్తే, కోయకుండా కాల్చితే ఎలా ఉంటుందన్న మాట పుట్టింది. పాత ఇస్త్రీపెట్టెలోంచి తీగ కొంచెం తీసి, ఈక ఏ వంపున ఉండాలో ఆ వంపున అల్లుడు పట్టకారుతో వంచాడు. మామయ్య దానికి ఎమర్జెన్సీ లైటు బ్యాటరీ కలిపాడు. గోడ కరెంటుతో పనిలేదు, బ్లేడుతో పనిలేదు. తీగ ఎర్రగా కాలుతుంది. బాణాన్ని పక్కన పెట్టి మెల్లగా తిప్పితే, తీగకు అడ్డొచ్చిన మేరకు ఈక మాడి రాలిపోతుంది. కాలితే కూడా గాయమేనని నర్సమ్మ అంటుందని ముందే ఊహించి, తీగకు టీ వడకట్టే జల్లెడ బోర్లించారు. అందులో ఈక పట్టేంత సన్నటి చీలిక పెట్టారు, క్యారెట్ పట్టదు.

ఆదివారం పొద్దున అందరూ బల్ల చుట్టూ చేరారు. నర్సమ్మ క్యారెట్‌ని జల్లెడకు నాలుగు వైపులా ఆనించి, పొడిచి, ఒత్తి చూసింది. ఏమీ కాలేదు. సరే కానివ్వండి అంది. అల్లుడు ఊపిరి బిగబట్టి బాణాన్ని చీలికలో పెట్టి తిప్పాడు. సుయ్‌మని శబ్దం, ఒక చిన్న పొగ, ఈక అచ్చు గీసినట్టు వంపు తిరిగింది. అత్తగారి కళ్ళు మెరిశాయి. వెంటనే రెండో ఈక, మూడో ఈక, ఆ వెంటనే రెండో బాణం.

అప్పుడు వాసన వచ్చింది. ఈక మాడితే వచ్చే వాసన, జుట్టు మాడితే వచ్చే వాసన ఒకటే. అత్తగారు కొంగు ముక్కుకు పెట్టుకుని, కానివ్వండి అల్లుడుగారూ, ఏం ఫరవాలేదన్నారు. మామయ్య కిటికీ తెరిచాడు. వాసన పెద్దమనిషిలా మెట్లు దిగడం మానేసి, ఆ కిటికీలోంచి దూకి, కింది అంతస్తు కిటికీలోంచి లోపలికి పోయింది.

కింది అంతస్తులో బ్యూటీ పార్లరు ఉంది. ఆదివారం కాబట్టి కుర్చీ ఖాళీ లేదు. ఒకావిడ రంగు వేయించుకుని తలనిండా రేకు కాగితాలతో కూర్చుంది, ఒకావిడ ముఖానికి తెల్లటి ముద్ద పట్టించుకుని కళ్ళు మూసుకుంది, ఇంకొకావిడ జుట్టు ఆరబెట్టే గుండ్రటి టోపీ కింద కునుకుతోంది. ముందు టోపీ కింద ఆవిడ ముక్కు ఎగబీల్చింది. తల తడుముకుంది. తర్వాత లేచి, ఎవరినీ అడక్కుండా, తల కడిగే తొట్టెలో మొత్తం తల ముంచేసింది. అది చూసి రేకు కాగితాలావిడ కాగితాలు పీకడం మొదలుపెట్టింది. తెల్లముద్దావిడ కళ్ళు తెరవలేక, అంటుకుంది ఎవరిదో చెప్పండని బతిమాలుతోంది. పార్లరావిడ కొత్తగా కొన్న టోపీ యంత్రం కాలిపోయిందనుకుని అన్ని ప్లగ్గులూ పీకి, పీకాక కూడా వాసన తగ్గకపోవడం చూసి, పైకి తలెత్తింది.

పార్లరావిడ మెట్లెక్కి వచ్చేసరికి చేతిలో ఇంకా మెడ మీద జుట్టు కత్తిరించే ట్రిమ్మరు జుయ్యిమంటూనే ఉంది. వెనకాల ఆ ముగ్గురూ. నీళ్ళు కారుతూ ఒకరు, వెండి రేకులతో ఒకరు, మొదటి ఇద్దరినీ పట్టుకుని తెల్లముద్దావిడ. తలుపు తీసిన మామయ్య ఒక అడుగు వెనక్కి వేసి, చేతిలో ఉన్న బాణాన్ని అడ్డం పెట్టుకున్నాడు.

పార్లరావిడ తిట్టడం మొదలుపెట్టింది. ఇది ఇల్లా, శ్మశానమా అంది. తన పదేళ్ళ పేరు పొగలో కలిసిపోయిందంది. ఆవిడకు మాటతోపాటు చెయ్యి కూడా తిప్పడం అలవాటు. అలా తిప్పిన ఒక తిప్పుడులో ట్రిమ్మరు మామయ్య చేతిలో బాణానికి రాసుకుంటూ పోయింది. ఇంకా కాల్చని ఈక ఒకటి, స్కేలు పెట్టి గీసినట్టు తెగి, నేల మీద పడింది. వాసన లేదు, పొగ లేదు.

గదిలో అందరూ ఆ ఈక ముక్క వైపు చూశారు. అత్తగారు ముందుకొచ్చారు.

“ఏదమ్మా, ఆ చివరి మాట ఇంకోసారి అను,” అన్నారు. “చెయ్యి కూడా అలాగే తిప్పాలి.”

పార్లరావిడకు తిట్టు మధ్యలో ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఎవరూ ఆవిడను తిట్టమని అడగలేదు. నర్సమ్మ ఈలోగా క్యారెట్ తీసుకెళ్ళి ట్రిమ్మరు పళ్ళకు ఆనించింది. జుయ్యిమంది. తీసి వెలుతురులో చూసింది. మళ్ళీ ఆనించింది. క్యారెట్‌కున్న సన్నటి వేరుపోగులు మాత్రం రాలాయి, గాటు లేదు. తన చిటికెనవేలు కూడా ఆనించి చూసుకుని, నర్సమ్మ నెల రోజుల్లో మొదటిసారి నవ్వింది.

పార్లరావిడ మాత్రం ట్రిమ్మరు ఇవ్వనంది. ఇది మనుషుల మెడల కోసమంది, కోళ్ళకీ కొంగలకీ కాదంది. అత్తగారు లోపలికి రమ్మని, ముగ్గురు బేరాలకూ తువ్వాళ్ళిచ్చి, కుర్చీలేయించి, వేడిగా టీ పోశారు. తెల్లముద్దావిడ ముఖాన్ని నర్సమ్మ ఆసుపత్రి దూదితో శుభ్రంగా తుడిచింది. మామయ్య కిందికి వెళ్ళి, కంగారులో పీకేటప్పుడు విరిగిన ప్లగ్గులన్నీ మార్చి వచ్చాడు. టీ రెండో విడత పోసేసరికి పార్లరావిడకు గుర్తొచ్చింది: ఛార్జి నిలవని పాత ట్రిమ్మరు ఒకటి సొరుగులో పడి ఉంది. కావాలంటే అది తీసుకోమంది.

దానికి కొత్త బ్యాటరీ వేసే పని మామయ్య తీసుకున్నాడు. చెక్కపని అల్లుడిది. బాణం పడుకునే గాడి మొదటి పెట్టెలోదే. ట్రిమ్మరు అటూ ఇటూ వణక్కుండా జారడానికి పైన పట్టాలా ఒక చెక్క, ఈక ఏ వంపున ఉండాలో ఆ వంపున. ఇక మూడు ఈకలూ సరిగ్గా ఒకదాని తర్వాత ఒకటి పైకి రావాలి కదా, దానికి అతను ఒక పాత గోడ గడియారంలోని పళ్ళచక్రం తీసి గాడి చివర బిగించాడు. తిప్పుతుంటే టిక్కు టిక్కుమంటుంది. ఎర్రరంగు పెట్టిన పన్ను దగ్గర ఆగితే తరవాతి ఈక తలెత్తి నిలబడుతుంది. ఆ చక్రాన్ని మామయ్య మోటారుతో తిప్పుదామన్నాడు. అత్తగారు ఆయన వైపు ఒక చూపు చూశారు. మామయ్య సర్దుకుని, ఎలాగూ ట్రిమ్మరు లోపల ఉన్నది మోటారే కదా, నేను మొదటినుంచీ చెబుతున్నది అదే కదా అని తృప్తిపడ్డాడు.

ఆ సాయంత్రం నుంచి పార్లరావిడ కొట్టు మూసి పైకి రావడం మొదలుపెట్టింది. ఉత్తినే చూసి పోతాననేది. చూస్తూ చూస్తూ ఉండలేక, ఇటివ్వండి అని తీసుకునేది. బాణాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని, తల ఒక పక్కకు వంచి, ఇది మరీ సన్నంగా పొడుగ్గా ఉంది, దీనికి గుండ్రటి కట్ నప్పుతుంది అనేది. కత్తిరించాక మెత్తటి బ్రష్షుతో దులిపి, అద్దం లేదు కాబట్టి అత్తగారికి చూపించేది. అల్లుడు పక్కన నిలబడి చక్రం తిప్పేవాడు. ఆవిడతో మాట్లాడటానికి అతనికి బెదురు కలగలేదు. ఎందుకంటే ఆవిడ మాట్లాడనిచ్చేది కాదు.

కొత్త ఈకలతో అత్తగారు మైదానానికి వెళ్ళిన రోజు అల్లుడు, మామయ్య వెంట వెళ్ళారు. కోచ్ బాణాలు తీసుకుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. తన బాణాల వైపు ఒకసారి చూసుకున్నాడు. అత్తగారు విల్లెక్కుపెట్టి వదిలారు. బాణం ఎక్కడా తూలకుండా, తడబడకుండా, ఎంతో హుందాగా వెళ్ళి గడ్డిలో దిగింది. గురి బల్లకు చాలా ఎడంగా. రెండోదీ అంతే హుందాగా అక్కడే దిగింది. మూడోది వాటి పక్కనే.

“ఈకలకేం అమ్మా, పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి,” అన్నాడు కోచ్. “మీ మోచెయ్యే కిందికి వేలాడుతోంది.”

తిరుగు బస్సులో అత్తగారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇద్దరు మగవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు. రెండు స్టాపులు దాటాక ఆవిడ, ఈ విల్లు కొంచెం వంకరగా ఉందేమో చూడకూడదా అల్లుడుగారూ అన్నారు. మామయ్య నోరు తెరిచాడు. విల్లుకు మోటారు బిగించే మాట ఎత్తబోతున్నాడని గ్రహించి, అల్లుడు జీవితంలో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు.

“విల్లు బాగానే ఉందండీ అత్తయ్యగారూ. మోచెయ్యే.”

అన్నాక అతనికే భయం వేసి, చెమట తుడుచుకున్నాడు. ఆవిడ తిరిగి అతన్ని కాసేపు చూశారు. కోపం రాలేదు. గడియారాలు చూసే కన్ను కదా, నిజమే అయ్యుంటుందని నెమ్మదిగా అన్నారు.

ఆ తర్వాత ఆవిడ మోచెయ్యి దిద్దుకునే పనిలో పడ్డారు. అల్లుడి కొట్టులో పెద్ద అద్దం ముందు, చీపురు పట్టుకుని ఉత్తుత్తి బాణాలు లాగేవారు. గడియారం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగిపోయేవారు. మోచెయ్యి దిగితే అల్లుడు తలెత్తకుండానే ‘పైకండీ’ అనేవాడు. వానలు వచ్చి వెళ్ళాయి. గడ్డిలో బాణాలు తగ్గి, బల్ల మీద బాణాలు పెరిగాయి. ముందు అంచున, తర్వాత నల్లగీత మీద, తర్వాత ఎర్రగీత మీద.

ఒక మధ్యాహ్నం అల్లుడికి ఫోను వచ్చింది. అత్తగారు ఒకటే మాట చెప్పి పెట్టేశారు: పసుపురంగులో తగిలింది, రండి. పసుపంటే నట్టనడుమ. అతను చేతిలో ఉన్న గడియారం మూత కూడా వేయకుండా కొట్టు కట్టేసి బయల్దేరాడు. ఆ గడియారం సొంతదారు తన వస్తువు ఎక్కడికి పోతోందోనని వెంట పడ్డాడు. దారిలో మామయ్య కలిశాడు. పార్లరావిడ, కుర్చీలో ఉన్న బేరాన్ని కూడా మెడచుట్టూ గుడ్డతోనే తీసుకొచ్చింది.

మైదానంలో అందరూ విళ్ళు దించి నిలబడి ఉన్నారు. బాణం బల్ల నడిబొడ్డున ఉంది. అత్తగారు దాన్ని పీకనివ్వడం లేదు. బల్ల పక్కనే కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. అల్లుడు దగ్గరికెళ్ళి అలవాటు కొద్దీ భూతద్దం పెట్టుకుని మరీ చూశాడు. మామయ్య బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. పార్లరావిడ నడుమ తగిలిన సంగతి అటుంచి, ఈకలు బాగా రేగిపోయాయి, రేపు ఒకసారి రమ్మంది, ఆ మాట అన్నదీ బాణంతోనే. గడియారం సొంతదారు కూడా, ఎందుకో తెలియకపోయినా, చప్పట్లు కొట్టాడు.

కోచ్ గొంతు సవరించుకుని, మిగతావాళ్ళు కూడా వేసుకోవాలి కదమ్మా, ఇక తీద్దామా అని మర్యాదగా అడిగాడు.

అత్తగారు గేటు వైపు చూశారు.

“కాసేపు ఆగండి,” అన్నారు. “మా అమ్మాయి ఇంకా డ్యూటీ దిగలేదు.”